నోటీసులో మూడో ర

“ఒక్క అంకె తప్పు వేశాడు. మనిషి ప్రాణం పోయింది. ఇంకా తేల్చడానికి ఏముంది కాటమరాజూ?”

పరాంకుశం చేతిగడియారం చూసుకున్నాడు. గురువారం, ఉదయం తొమ్మిదీ పది. ఆయన నెల్లూరు నుంచి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్. మార్కాపురం అవతలి పలకరాయి గని కంపెనీ ఆయనకి జీపు ఇచ్చి మరీ పిలిపించుకుంది.

కాటమరాజుకి జీపు లేదు. కర్నూలు నుంచి బస్సులో వచ్చాడు. సి.ఐ.డి.లో పదకొండేళ్ళు చేసి, పై అధికారితో పడక మానేసిన మనిషి. అతన్ని పిలిపించింది ప్రెస్సు యాకూబ్ భార్య మాబూబీ. యాకూబ్ నిన్న మధ్యాహ్నం నుంచి లాకప్‌లో ఉన్నాడు. ఈరోజు రెండింటికి కోర్టులో హాజరుపరుస్తారు.

మంగళవారం సరిగ్గా మూడు గంటలకు గనిలో రాయి పగలగొట్టే తూటాలు పేలాయి. గని దారిలో బోర్డు మీద అంటించిన నోటీసులో మాత్రం నాలుగు గంటలని ఉంది. అది నమ్మి, కొలతల గొలుసు భుజాన వేసుకుని రెండూ యాభైకి లోపలికి దిగిన, గని కొలతలు తీసే లింగయ్య తిరిగి పైకి రాలేదు. నోటీసులు వేసేది యాకూబ్. తాలూకాలో అలాంటి లావు అక్షరాలు ఇంకెవరి దగ్గరా లేవు. అంతే కేసు.

“ఏముందో చూడండి,” అంటూ కాటమరాజు యాకూబ్ ప్రెస్సు బల్లమీద రెండు కాగితాలు పరిచాడు. “నిన్న సాయంత్రం గని బోర్డు మీది కాగితాలు తడిపి ఊడదీశాను. పైన ఉన్నది నాలుగు గంటల నోటీసు. దాని కింద ఇంకొకటి దొరికింది. అందులో మూడు గంటలని ఉంది.”

పరాంకుశం వంగి చూసి నవ్వాడు. “అయితే రెండుసార్లు వేశాడు. మొదట ఒప్పు, తర్వాత తప్పు. అక్షరాలు రెండింట్లోనూ ఒకటేగా?”

అక్షరాలు ఒకటే. నాలుగంగుళాల ఎత్తు. ఎక్కడా మూల లేదు, ముల్లు లేదు. ప్రతి గీతా బొటనవేలంత లావు, ప్రతి కొసా గుండ్రం. గది అవతలి గోడ దగ్గర నిలబడినా కళ్ళ ముందుకు వచ్చినట్టే ఉన్నాయి.

“అమ్మా,” అన్నాడు కాటమరాజు మాబూబీ వైపు తిరిగి, “ఈ అక్షరాలు పేర్చేదెవరు? నువ్వా, మీ ఆయనా?”

“ఇద్దరం అన్నా. ఆయన కాగితం పట్టుకుంటాడు, నేను పేరుస్తా. పన్నెండేండ్ల నుంచి ఇదే పని.” మాబూబీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. “సీసం అక్షరాలు చిన్నవి. దగ్గరికి వచ్చి చదవమంటాయి. ఇవి చెక్కవి. ఇవే ఎదురొచ్చి చెప్తాయి. నాటకాలకు, సర్కసుకు, సోడా దుకాణాలకు వీటితోనే వేస్తాం. పోయే బస్సులో నుంచి గూడా చదువుకోవచ్చు. పెండ్లి కార్డుకు వాడం, చావు కబురుకు అసలే వాడం. గనికి మాత్రం ఇవే కావాలని మా ఆయనే పట్టుబట్టినాడు. కూలోళ్ళు దూరాన్నించే చూసి ఆగిపోవాలని.”

“నోటీసులు ఎప్పుడు వేశారు?”

“సోమవారం పొద్దున. వారానికి సరిపడా ఒకేసారి. ఏ రోజు ఏ గంటకు పేలుస్తారో మేస్త్రీ నాగులు చెప్పిపోతాడు, అంకె మార్చి వేస్తాం. మంగళవారానికి మూడు, ఈ పొద్దుటికి పన్నెండు. నా చేత్తోనే పెట్టినా.”

“ఆ మాట కోర్టులో చెప్పుకో,” అన్నాడు పరాంకుశం.

మాబూబీ ఆయన్ని పట్టించుకోలేదు. రెండు కాగితాల మీదా వేలు జరుపుతూ పోతోంది. మూడు గంటల నోటీసులో ‘ప్రమాదకరం. దూరంగా ఉండండి. గని వైపు రావద్దు’ అని ఉంది. నాలుగు గంటల నోటీసులో మూడో వరుస దగ్గర ఆమె వేలు టక్కున ఆగింది.

“అన్నా, ఇది మాది కాదు!”

“ఎట్లా చెప్పగలవు?”

“ఇక్కడ ‘గని దగ్గరకు’ అని ఉంది. మేము ఏనాడూ అట్ల వెయ్యం. వెయ్యలేం! మా పెట్టెలో ర లు రెండే ఉండాయి. ప్రమాదకరంలో ఒకటి పోతాది, దూరంగాలో ఒకటి పోతాది. రావద్దులో రా వేరే చెక్క. మూడో ర యాడనుంచి తెచ్చేది? అందుకనే ‘వైపు’ అని వేస్తాం.”

కాటమరాజు జేబులోంచి భూతద్దం తీసి ఆ మూడో ర మీద పెట్టాడు. గుండ్రటి గీత లోపల, సరిగ్గా నడిమధ్యన, నువ్వుగింజంత మసక మచ్చ.

“సిరా చింది ఉంటుంది,” అన్నాడు పరాంకుశం.

“గని వెనక కాలిబాట మీద ఇంకో నోటీసు అంటించారు. అదీ తెచ్చాను.” కాటమరాజు సంచిలోంచి మూడో కాగితం తీశాడు. అదే ర. అదే చోట అదే మచ్చ. “సిరా రెండు కాగితాల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా చిందదు. పరాంకుశంగారూ, నడుమ చుక్క ఉన్న ర ని ఏమంటారు?”

జవాబు మాబూబీ చెప్పింది.

“ఠ! ఠ లో చుక్క చెక్కేసి ర చేసినారు!”

“మీ ఠ ఎక్కడుంది? నువ్వు ముట్టుకోవద్దు. ఆయన్నే తియ్యనీ.”

పరాంకుశం విసుగ్గా పెట్టె ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క గడిలోంచి అక్షరాలు తీసి బల్లమీద పెడుతూ వెళ్ళాడు. ర లు రెండు. చిట్టచివరి గడి మూలలో, దుమ్ము పట్టి, ఒకే ఒక్క ఠ. మఠం ఉత్సవాలప్పుడు తప్ప దానికి పని ఉండదు. ఆయన బొటనవేలితో దుమ్ము తుడిచాడు. నడుమ చుక్క మిరియపు గింజలా నిండుగా నిలబడి ఉంది.

“ఇంకో ఠ దాచి ఉండొచ్చు,” అన్నాడాయన. కాని ఆ మాటలో ఇందాకటి ధీమా లేదు.

“లేదా ఇలాంటి పెట్టె ఇంకొకటి ఉండొచ్చు. అమ్మా, వీటిని చెక్కిందెవరు?”

“వడ్రంగి బ్రహ్మం మామ. ఊరి చివర కొట్టం.”

“జీపు మీది పరాంకుశంగారూ. ఆలోచన నాది. కలిసి వెడదామా?”

పరాంకుశం టోపీ అందుకున్నాడు.

బ్రహ్మం కొట్టానికి చేరేసరికి పదీ ఐదు. డెబ్భై ఏళ్ళ మనిషి. కాగితం కంటికి ఆనించుకుని చూసి, మూడో ర దగ్గర మొహం చిట్లించాడు.

“ఎవరు నాయనా నా అక్షరాన్ని ఇట్ల పాడుచేసింది?”

“మీదేనా?”

“నాది కాకపోతే ఈ గుండ్రం ఎవరికి వస్తాది? నల్లమల చేవ కర్ర అది. గీత సన్నం జేస్తే నాలుగు దినాలకే విరుగుతాది. మూల పెడితే పగులుతాది. అందుకని ఎక్కడికక్కడ గుండ్రంగా తిప్పినా. జనం ముద్దుగుండాయన్నారు గాని, నేను చేసింది విరక్కుండా ఉండేదానికి.”

“ఎన్ని పెట్టెలు చెక్కారు?”

“రెండు. ఒకటి యాకూబ్‌కు. రెండోది మూడేండ్ల కింద. నాటక సమాజానికని చేయించుకున్నారు. రెండిట్లోనూ ర లు రెండు, ఠ ఒకటి.”

“ఎవరు చేయించుకున్నారు?”

“గని మేనేజరు అయ్యవారే. వెంకటస్వామి.”

పరాంకుశం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“కాటమరాజూ, నన్ను పిలిపించిందే ఆయన. యాకూబ్ మీద తప్ప ఇంకెవరి మీదా చూడాల్సిన పని లేదన్నదీ ఆయనే.”

“లింగయ్య ఆ రోజు ఎందుకు దిగాడో చెప్పాడా?”

“కంపెనీ కొలతలకని.”

“కాదు. నిన్న లింగయ్య ఇంట్లో అడిగాను. గనికి ఆనుకుని శేషమ్మ అనే ఆమె చేను ఉంది. కంపెనీ హద్దురాయి దాటి ఆమె చేని కిందికి తవ్వుకుంటూ పోయింది. ఆ సంగతి ఆమెకి చెప్పింది లింగయ్య. మంగళవారం దిగింది అది ఎంత దూరం పోయిందో కొలవడానికే. తాతా, ఆ రెండో పెట్టె సంగతి మీరు కోర్టులో చెప్పగలరా?”

“నా పని నాదని చెప్పుకునేదానికి భయమేంది నాయనా?”

వాళ్ళు గనికి చేరేసరికి పదకొండూ ఇరవై. దారి పక్క రాతిపొట్టు దిబ్బ దగ్గర ఒక ఆడకూలి పలకలు చీలుస్తోంది. పేరు పోలమ్మ. కాటమరాజు ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

“అమ్మా, మంగళవారం నోటీసు ఎన్ని గంటలకు అంటించారు?”

“ఏడింటికి నాగులన్న అంటిచ్చినాడు. మళ్ళా పదిన్నరప్పుడు చూస్తే బోర్డు తడిగా ఉండాది. రెండోసారి ఎవురు అంటిచ్చినారో చూళ్ళేదయ్యా.”

“నీకు చదువొచ్చా?”

“మా గుంపులో ఎవురికీ రాదు. ఆ బొద్దు అక్షరాలు కనపడితే తూటాలని తెలుసు. అంకె ఒక్కటి సూసుకుంటాం. ఆ అంకె దాటినాంక పనిలోకి దిగుతాం.”

కాటమరాజు లేచాడు. చదువు రాని రెండు వందల మంది నమ్మే ఒకే ఒక్క మాట అది. దానినే ఎవడో ఆయుధం చేసుకున్నాడు.

మేనేజరు వెంకటస్వామి ఆఫీసు గదిలో ఉన్నాడు. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. ఇద్దరు డిటెక్టివ్‌లు కలిసి రావడం చూసినా మొహంలో ఏమీ కదలలేదు.

“చెక్క అక్షరాలా? నిజమే, నాటకాలకు చేయించినాను. పోయినేడు గోడౌన్‌లోంచి ఎవరో దొంగిలించినారు.”

“ఫిర్యాదు ఇచ్చారా?”

“అంత చిన్నదానికి ఫిర్యాదేంది?”

“మంగళవారం పదిన్నరకు మీరెక్కడున్నారు?”

“ఇక్కడే. ఇదే కుర్చీలో.”

“మీ కుడిచేతి గోళ్ళలో సిరా ఉంది వెంకటస్వామిగారూ. ప్రెస్సు సిరా. పెన్ను సిరాకి ఇంత నలుపు రాదు.”

వెంకటస్వామి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. “వెనక గోడౌన్ చూసుకోండి. పలకల చట్రాలు తప్ప ఏం దొరకవు.”

“దొరక్కపోయినా పరవాలేదు,” అన్నాడు కాటమరాజు. గెలుపు తలకెక్కి మాట జారింది. “చెక్కిన బ్రహ్మం రెండింటికి కోర్టుకి వస్తున్నాడు.”

గోడౌన్‌లో చట్రాల కట్టలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. కాటమరాజు నేల చూసుకుంటూ నడిచాడు. అంతటా దుమ్ము. ఒక్కచోట మాత్రం కట్టలు ఈడ్చిన గీత తాజాగా ఉంది. ఇద్దరూ కలిసి ఆ కట్టలు పక్కకి లాగారు. వెనక ఒక రేకుపెట్టె. దాని పక్కన చెక్కబల్ల. బల్లమీద వరుసగా పేర్చి, చుట్టూ దారంతో బిగించిన లావు అక్షరాలు. మిషను లేదు. సిరా రుద్ది, పైన కాగితం వేసి, చేత్తో నొక్కితే చాలు.

పరాంకుశం మూడో వరుసలో ర ని బయటికి లాగాడు. లోపల ఉలి తిప్పిన గుంట. అడుగున చుక్క మొదలు ఇంకా కాస్త మిగిలి ఉంది.

“నువ్వే గెలిచావు,” అన్నాడు. “నేను... అరె, ఇదేమిటి?”

ఆయన వేళ్ళు నల్లబడ్డాయి. సిరా ఇంకా తడిగా ఉంది.

అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. కాటమరాజు కుడి నుంచి ఎడమకి గబగబా చదివాడు. ప్రమాదకరం. దూరంగా ఉండండి. గని దగ్గరకు రావద్దు. తూటాలు... అంకె దగ్గరికి రాగానే కేక పెట్టాడు.

“ఒంటి గంట! ఇవాళ పేల్చేది పన్నెండుకి!”

“టైమెంత?”

“పదకొండూ నలభై ఎనిమిది. శేషమ్మ ఇవాళ కర్నూలు సర్వేయరుని తీసుకొస్తానని నిన్న లింగయ్య ఇంట్లో చెప్పింది. పరాంకుశంగారూ, ఈ పెట్టె వదలకండి!”

అతను పరిగెత్తాడు. దారిలో బోర్డు మీద నోటీసు మెరుస్తోంది. ఒంటి గంట. అంచు గోకితే జిగురు వేలికి అంటుకుంది.

“పోలమ్మా! లోపల ఎవరైనా ఉన్నారా?”

“శేషమ్మక్క, కొలిచే ఆయన, గొలుసాయన దిగినారయ్యా. బోర్డు ప్రకారం ఇంకా గంట టైముందిగదా?”

గని అంచున నిలబడితే అడుగున ముగ్గురూ బొమ్మల్లా కనబడ్డారు. పెద్ద రాతిదిబ్బకు ఇవతల గొలుసు పరుస్తున్నారు. దిబ్బకు అవతల, ఎదుటి గట్టు మీద, ఎర్రగుడ్డ ఊపుతున్నాడు మేస్త్రీ నాగులు. దిబ్బ అడ్డం వచ్చి అతనికి వీళ్ళు కనబడరు, వీళ్ళకి అతను కనబడడు. చుట్టూ తిరిగి అతని దగ్గరికి పోవాలంటే పావుగంట పడుతుంది. కాటమరాజు గొంతు చించుకుని అరిచాడు. పడమటి గాలి ఆ కేక అతని మొహానికే కొట్టింది.

పదకొండూ యాభై మూడు.

కాటమరాజు వెనక్కి ఉరికి బోర్డు మీద దొంగ నోటీసు ఒక్క గుంజున చీల్చేశాడు. కింద యాకూబ్ నోటీసు బయటపడింది. తడి తగిలి ఇంకా నల్లగా తేలింది. పన్నెండు. బోర్డుని మేకులతో సహా ఊడబెరికాడు.

“ఒక పక్క పట్టు!”

పోలమ్మ పట్టుకుంది. ఇద్దరూ బోర్డుని తలల మీదికి ఎత్తి అంచుకి వచ్చి నిలబడ్డారు. ఎండ తెల్ల కాగితం మీద పడింది. అడుగున గొలుసాయన చివరి కొస పట్టుకుని ఇటు తిరిగాడు. ఒక్క క్షణం అలాగే చూశాడు. చేతిలో గొలుసు పారేశాడు. శేషమ్మ భుజం పట్టి తిప్పాడు.

“వస్తా ఉండారు! అయ్యా, వస్తా ఉండారు!” పోలమ్మ ఎగిరి గంతేసింది.

శేషమ్మ యాభై ఏళ్ళ మనిషి. చీర ఎగదోపి, మెట్ల బాటన సర్వేయరు కంటే ముందుగా పైకి వచ్చింది. సర్వేయరు పుస్తకం పడిపోయింది. వెనక్కి తిరగబోతే గొలుసాయన కాలరు పట్టి ఈడ్చుకొచ్చాడు. ముగ్గురూ పైన రాతిపొట్టు దిబ్బ చాటుకి చేరి పడ్డారో లేదో, భూమి అదిరింది. ఒకటి, రెండు, మూడు. రాళ్ళు వానలా కురిశాయి. ఇందాక గొలుసు పరిచిన చోటు దుమ్ములో మునిగిపోయింది.

శేషమ్మ ఒగరుస్తూ కాటమరాజు చెయ్యి పట్టుకుంది. “లింగయ్యను గూడా ఇట్లనే చేసినారా నాయనా?”

“ఇట్లానే చేశారమ్మా.”

పది నిమిషాలకి నాగులు గట్టు చుట్టూ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“సారూ, నేను పెట్టింది ఆరు తూటాలు. పేలినవి ఏడు! ఏడోది గనిలోది కాదు. ఆఫీసు పక్కన వినపడింది!”

కాటమరాజు తిరిగి చూశాడు. గోడౌన్ కప్పు లేదు. పొగ లేస్తోంది. ఆ పొగలోంచి ఎవరో తూలుతూ వస్తున్నారు. కోటు చిరిగి, నుదుటి మీద నెత్తురు. రెండు చేతులా రేకుపెట్టెని గుండెకి అదుముకుని ఉన్నాడు పరాంకుశం.

“బయట గడియ పెట్టాడు,” అన్నాడు దగ్గుతూ. “వత్తి చిటపట విని కిటికీ చువ్వలు విరగ్గొట్టుకుని దూకాను. ఇంతసేపూ స్పృహ లేదు. పెట్టె వదల్లేదు కాటమరాజూ. కాని దూకేటప్పుడే వాడు జీపు తీసుకుపోవడం చూశాను.”

“ఎటు?”

“ఊరి వైపు. బ్రహ్మం కొట్టం దారిలో!”

పలకల లారీ ఒకటి దారిలో నిలబడి ఉంది. ఇద్దరూ ఎక్కారు. నాగులు వెనక వేలాడాడు. డ్రైవరు యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు.

కొట్టం ముందు జీపు ఆగి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. సీట్లో ఎవరూ లేరు. కాటమరాజు లారీ ఆగకముందే దూకి తలుపు మీద పడ్డాడు. లోపల గడియ వేసి ఉంది.

“తాతా! బ్రహ్మం తాతా!”

లోపల నుంచి ముసలాయన గొంతు వినబడింది. వణకడం లేదు. ఒక్కొక్క మాట తూచి చెబుతున్నాడు.

“తలుపు పగలగొట్టొద్దు నాయనా. వెంకటస్వామి నా ఎదురుగ్గా కూర్చోనుండాడు. చేతిలో తూటా ఉండాది. ఇప్పుడే వత్తి అంటిచ్చినాడు.”